పైథాన్‌లో ఫంక్షన్ కాల్: ఏ విలువ ఎవరిది, అది ఏ దారిన వెళ్తుంది

ఒక ఫంక్షన్‌ను పిలిచే వాక్యం చూడటానికి చిన్నదే. ఒక పేరు, రెండు బ్రాకెట్లు, మధ్యలో కామాలతో విడదీసిన కొన్ని విలువలు. అయితే ఆ పిలుపు నెరవేరాలంటే రెండు వేర్వేరు పనులు జరగాలి. ఇచ్చిన ఏ విలువ ఏ పారామీటర్‌కు, అంటే ఫంక్షన్ ప్రకటనలో రాసిన ఏ పేరుకు చెందుతుందో తేల్చడం మొదటిది. దీన్నే ఆర్గ్యుమెంట్ బైండింగ్ అంటారు. ఆ విలువలు పిలిచిన చోటి నుంచి ఫంక్షన్ దగ్గరికి ఏ రూపంలో చేరాలి, వాటిని ఉంచిన మెమరీకి ఎవరు బాధ్యులు, ఫలితం ఎక్కడ దొరుకుతుంది అన్న ఒప్పందం రెండోది. దాని పేరు కాలింగ్ కన్వెన్షన్. మొదటిది అర్థానికి సంబంధించినది, రెండోది రవాణాకు సంబంధించినది. ఫంక్షన్లను పిలిచే లైబ్రరీ రాసేవారు ఈ రెంటినీ ఒకే ముద్దగా కలిపేస్తే, వేగం కోసం రవాణాను మార్చిన ప్రతిసారీ అర్థం కూడా చెదిరే ప్రమాదం ఉంటుంది. ఈ విడదీత ఎందుకు అవసరమో పైథాన్ ప్రామాణిక అమలు అయిన, సి భాషలో రాసిన సీపైథాన్ ఇంటర్‌ప్రెటర్‌ను పరిశీలిస్తే బాగా తెలుస్తుంది. దాని రవాణా పద్ధతి 3.7, 3.8, 3.11 వెర్షన్లలో గణనీయంగా మారింది. బైండింగ్ నియమాలకు మాత్రం కొత్త సదుపాయాలు చేరాయే తప్ప, పాత పిలుపుల అర్థం మారలేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పైథాన్ 3లో తెలుగు లిపిలోని పేర్లు చెల్లుతాయి కాబట్టి, బిల్లు లెక్కగట్టే ఒక ఫంక్షన్‌ను ఇలా ప్రకటించవచ్చు:

బిల్లు(ధర, /, పరిమాణం=1, *, పన్ను, రాయితీ=0, **ఇతరాలు)

ఏటవాలు గీతకు ముందున్న ధరను స్థానాన్ని బట్టి మాత్రమే ఇవ్వాలి. ఈ సదుపాయం పెప్ 570 (పెప్ అంటే పైథాన్‌లో మార్పులను ప్రతిపాదించే పత్రం) ద్వారా పైథాన్ 3.8లో వచ్చింది. నక్షత్రం తర్వాతి పన్ను, రాయితీలను పేరుతో మాత్రమే ఇవ్వాలి. ఇది పెప్ 3102 ద్వారా 3.0 నుంచే ఉంది. మధ్యనున్న పరిమాణాన్ని ఎలాగైనా ఇవ్వవచ్చు. ఏ పారామీటర్‌కూ చెందని కీవర్డ్ విలువలన్నీ, అంటే పేరుతో ఇచ్చిన విలువలన్నీ, ఇతరాలు అన్న డిక్షనరీలో చేరతాయి.

ఈ ప్రకటనను కంపైల్ చేసినప్పుడు, ఆ ఫలితాన్ని దాచే కోడ్ ఆబ్జెక్ట్‌లో కొన్ని అంకెలు నమోదవుతాయి: స్థానంతో ఇవ్వదగిన పారామీటర్లు 2, వాటిలో స్థానంతో మాత్రమే ఇవ్వదగినవి 1, పేరుతో మాత్రమే ఇవ్వదగినవి 2, దీనికి తోడు రెండు నక్షత్రాల పారామీటర్ ఉందని చెప్పే ఒక జెండా. ఫంక్షన్ నడిచేటప్పుడు ఏర్పడే ఫ్రేమ్‌లో స్థానిక చలరాశులకు వరుసగా గళ్లు ఉంటాయి: 0వ గడి ధరకు, 1వది పరిమాణానికి, 2వది పన్నుకు, 3వది రాయితీకి, 4వది ఇతరాలకు. బైండింగ్ అంటే ఈ గళ్లను సరైన విలువలతో నింపడమే. డిఫాల్ట్ విలువలు కోడ్ ఆబ్జెక్ట్‌లో ఉండవు, ఫంక్షన్ ఆబ్జెక్ట్‌లో ఉంటాయి. పరిమాణం తాలూకు 1 ఒక టపుల్‌లో (మార్చలేని విలువల వరుసలో), రాయితీ తాలూకు 0 ఒక డిక్షనరీలో భద్రమవుతాయి. ప్రకటన నడిచిన క్షణంలోనే ఆ విలువలు ఒక్కసారి లెక్కకు వస్తాయి. బైండింగ్ సమయంలో జరిగేది వాటి రిఫరెన్స్‌ను గడిలో పెట్టడం మాత్రమే. ఖాళీ లిస్టును డిఫాల్ట్‌గా ఇస్తే అది ఒక పిలుపు నుంచి మరో పిలుపుకు పెరుగుతూ పోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు బిల్లు(250, పన్ను=18, ధర=3) అన్న పిలుపును చూద్దాం. ఇక్కడ ధర రెండుసార్లు వచ్చినట్టు కనిపిస్తుంది, కానీ ఇది తప్పు కాదు. మొదట ఇతరాలు కోసం ఒక ఖాళీ డిక్షనరీ తయారై 4వ గడిలో చేరుతుంది. తర్వాత స్థానంతో వచ్చిన 250 నేరుగా 0వ గడిలోకి వెళ్తుంది. ఆపైన కీవర్డ్‌ల వంతు. పన్ను అన్న పేరును 1వ గడి పేరుతో మొదలుపెట్టి పోల్చుకుంటూ వెళ్తే 2వ గడిలో సరిపోతుంది, 18 అక్కడ చేరుతుంది. ధర అన్న పేరును కూడా 1వ గడి నుంచే వెతకడం మొదలవుతుంది, ఎందుకంటే స్థానంతో మాత్రమే ఇవ్వదగిన గళ్లు కీవర్డ్ వెతుకులాటలోకి రావు. 1, 2, 3 గళ్లలో ఆ పేరు దొరకదు. దాన్ని చేర్చుకోగల డిక్షనరీ ఉంది కాబట్టి 3 విలువ అందులోకి పోతుంది. చివరగా ఖాళీల పూరణ. స్థాన పారామీటర్లు రెండు, డిఫాల్ట్‌ల టపుల్ పొడవు ఒకటి. కాబట్టి 0వ గడికి పిలిచినవారే విలువ ఇచ్చి ఉండాలి, 1వ గడి ఖాళీగా ఉంటే టపుల్‌లోని మొదటి విలువ దానికి చెందుతుంది. పరిమాణానికి 1 అలా వస్తుంది. రాయితీ గడి కూడా ఖాళీయే కనుక డిక్షనరీలో ఆ పేరును వెతికి 0ను తెచ్చి పెడతారు.

డిఫాల్ట్‌లను చివరి వరకూ ఆపడం ఈ వరుసలో అతి ముఖ్యమైన నిర్ణయం. చాలా సొంత అమలుల్లో గళ్లన్నిటినీ ముందుగా డిఫాల్ట్‌లతో నింపి, తర్వాత వచ్చిన విలువలను వాటిపై రాస్తారు. అది సులువుగా కనిపిస్తుంది గానీ, అలా చేస్తే ఒక గడిలో ఉన్న విలువ పిలిచినవారు ఇచ్చిందో, డిఫాల్ట్‌గా వచ్చిందో తెలియదు. అప్పుడు బిల్లు(250, 2, పరిమాణం=5, పన్ను=18) లాంటి పిలుపులో ఒకే పారామీటర్‌కు రెండు విలువలు వచ్చాయన్న దోషాన్ని పట్టుకోవడానికి మరో ఏర్పాటు కావాల్సి వస్తుంది. సీపైథాన్‌లో ఆ అదనపు ఏర్పాటు అక్కర్లేదు. కీవర్డ్ చేరబోయే గడి అప్పటికే నిండి ఉంటే చాలు, అది దోషం. ఇంకా నిండని గడికి గుర్తు సి భాషలోని నల్ పాయింటర్, పైథాన్‌లోని నన్ కాదు. నన్ అనేది పిలిచినవారు కావాలని ఇవ్వగల మామూలు విలువ. దాన్ని ఖాళీకి గుర్తుగా వాడితే ఆ రెండూ కలిసిపోతాయి. పైథాన్‌లోనే బైండింగ్ రాసుకునే లైబ్రరీలకు కూడా ఈ నియమం వర్తిస్తుంది. ఫంక్షన్ల వివరాలను పరిశీలించే ఇన్‌స్పెక్ట్ మాడ్యూల్ డిఫాల్ట్ లేదని చెప్పడానికి ఎంప్టీ అన్న ప్రత్యేక గుర్తును పెట్టుకున్నది అందుకే.

దోషాలను ఏ వరుసలో ప్రకటించాలన్నది కూడా ఆలోచించి తీసుకోవాల్సిన నిర్ణయమే. బిల్లు(250, 2, 18) అని పిలిస్తే అందులో రెండు దోషాలున్నాయి: స్థాన విలువలు ఎక్కువయ్యాయి, పన్ను రాలేదు. సీపైథాన్ మొదటి దోషాన్నే చెబుతుంది. ఒకటి నుంచి రెండు విలువలు తీసుకోవలసిన చోట మూడు ఇచ్చారన్న టైప్ ఎర్రర్ వస్తుంది. రాసినవారు 18ని పన్నుగానే ఉద్దేశించి ఉంటారు కాబట్టి, పన్ను రాలేదన్న మాట కంటే ఈ మాటే వారిని త్వరగా దారిలో పెడుతుంది. రాని పారామీటర్లను మాత్రం ఒక్కొక్కటిగా కాక, ఒకే రకానికి చెందిన అన్ని పేర్లూ కలిపి ఒకే సందేశంలో చెబుతారు.

పేర్లను పోల్చడంలో ఒక చిన్న చాకచక్యం ఉంది. సోర్సులో కనిపించే పేర్లను ఇంటర్‌ప్రెటర్ ఇంటర్న్ చేస్తుంది, అంటే ఒకే పేరుకు ఒకే స్ట్రింగ్ ఆబ్జెక్ట్ ఉండేలా చూస్తుంది. అందువల్ల మొదటి దశలో కీవర్డ్ పేరునూ గడి పేరునూ పాయింటర్లుగా మాత్రమే పోలుస్తారు. అక్షరాలను చూడాల్సిన అవసరం దాదాపుగా రాదు. ఆ దశలో దొరకని పేరుకే రెండో దశలో అక్షరాలవారీ పోలిక జరుగుతుంది. అసలు పేర్లు అక్కడ లేని, డిక్షనరీలోకి పోవాల్సిన కీవర్డ్‌లు ఈ రెండు దశలనూ దాటాలి కాబట్టి, వాటికి ఖర్చు కాస్త ఎక్కువే.

తెలుగు పేర్లు వాడేవారు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సోర్సులోని పేర్లన్నిటినీ పైథాన్ యూనికోడ్ ఎన్‌ఎఫ్‌కేసీ రూపంలోకి (ఒకే అక్షరాన్ని వేర్వేరు సంకేతాలతో రాసినా ఒకే తీరుకు తెచ్చే రూపంలోకి) మారుస్తుంది, కానీ రెండు నక్షత్రాలతో విప్పి ఇచ్చే డిక్షనరీలోని స్ట్రింగులను మార్చదు. ఐత్వానికి యూనికోడ్‌లో ఒకే సంకేతం ఉంది. ఎత్వం, దాని కింద చేరే ఐత్వపు గుర్తు అనే రెండు సంకేతాలుగా విడగొట్టి రాసినా తెర మీద అదే ఆకారం కనిపిస్తుంది. సైజు అన్న పారామీటర్‌కు ఏదో ఫైలు నుంచి చదివిన, విడిపోయిన రూపంలో ఉన్న పేరుతో విలువ ఇస్తే, కంటికి రెండూ ఒకటే అయినా అటువంటి పారామీటర్ లేదనే జవాబు వస్తుంది. బయటి నుంచి వచ్చే పేర్లను బైండింగ్‌కు ముందే అదే రూపంలోకి మార్చుకోవడం లైబ్రరీ బాధ్యత.

ఇంతవరకూ చెప్పినదంతా అర్థానికి సంబంధించినది. ఈ విలువలు ఫంక్షన్ వరకూ ఎలా చేరాయన్నది వేరే కథ. పాత పద్ధతిలో పిలవదగిన ప్రతి టైపుకూ టీపీ కాల్ అన్న ఒక ప్రవేశద్వారం ఉండేది. అది స్థాన విలువలను ఒక టపుల్‌గా, కీవర్డ్ విలువలను ఒక డిక్షనరీగా తీసుకుంటుంది. ఒప్పందం శుభ్రంగానే ఉంది, ఖర్చే ఎక్కువ. పిలిచేవారి దగ్గర విలువలు అప్పటికే ఇంటర్‌ప్రెటర్ స్టాక్ మీద వరుసగా ఉంటాయి. వాటిని కొత్త టపుల్‌లోకి కాపీ చేసి, అవతల ఫంక్షన్ ఆ టపుల్‌ను విప్పి మళ్లీ గళ్లలోకి కాపీ చేసి, చివరకు టపుల్‌ను పారేయడం వృథా శ్రమ. చిన్న ఫంక్షన్లలో అసలు పని కంటే ఈ మూట కట్టడం, విప్పడమే ఎక్కువవుతుంది.

ఈ వృథాను తొలగించినది మార్క్ షానన్, యెరూన్ డెమేయర్ రాసిన పెప్ 590. వెక్టర్‌కాల్ అన్న ఈ ఒప్పందం పైథాన్ 3.8లో తాత్కాలిక హోదాతో వచ్చి, 3.9లో స్థిరపడింది. ఇందులో ఫంక్షన్‌కు నాలుగు విషయాలు అందుతాయి: పిలవబడుతున్న ఆబ్జెక్ట్, విలువల వరుస మొదలయ్యే చోటు, స్థాన విలువల సంఖ్య, కీవర్డ్ పేర్ల టపుల్. కీవర్డ్ విలువలకు వేరే చోటు లేదు; స్థాన విలువలు ముగిసిన వెంటనే అదే వరుసలో అవీ ఉంటాయి. పేర్ల టపుల్ కంపైల్ సమయంలోనే తయారై ఉంటుంది కాబట్టి, మామూలు పిలుపులో మూట కట్టే పనే ఉండదు. స్టాక్ మీద ఉన్న విలువలను ఉన్నచోటే చూపిస్తే సరిపోతుంది.

ఈ ఒప్పందంలో అన్నిటికంటే మెచ్చుకోదగిన అంశం సంఖ్యను మోసే పూర్ణాంకంలోని అత్యున్నత బిట్. వస్తువు.పద్ధతి(5) లాంటి పిలుపులో, బౌండ్ మెథడ్ (ఒక వస్తువుకు కట్టిన ఫంక్షన్) అసలు ఫంక్షన్‌కు సెల్ఫ్‌ను, అంటే ఆ వస్తువును, మొదటి విలువగా చేర్చి ఇవ్వాలి. వరుస ముందు ఖాళీ లేకపోతే విలువలన్నిటినీ ఒక స్థానం జరిపి కొత్త చోట కాపీ చేయాలి. ఆ బిట్‌ను పెట్టడం ద్వారా పిలిచేవారు ఒక అనుమతి ఇస్తున్నారు: వరుస ముందున్న ఒక్క గడిని తాత్కాలికంగా వాడుకోవచ్చు, తిరిగి వచ్చేలోగా పాత విలువను అక్కడ పెట్టేయాలి. బౌండ్ మెథడ్ ఆ గడిలో సెల్ఫ్‌ను పెట్టి, మొదలయ్యే చోటును ఒక గడి వెనక్కి జరిపి, అసలు ఫంక్షన్‌ను పిలిచి, పాత విలువను యథాస్థానంలో ఉంచుతుంది. ఒక్క విలువ కూడా కాపీ కాదు. ఒక బిట్‌తో, ఒక మాటతో ఇంత పని జరిగేలా ఒప్పందాన్ని కూర్చడం మంచి రూపకల్పనకు నిదర్శనం. దీనికి మరో వైపు కూడా ఉంది: స్థాన విలువల సంఖ్య కావాలనుకునే ఫంక్షన్ ఆ బిట్‌ను తీసేసి చదవాలి. అది మరిచిన ఎక్స్‌టెన్షన్ రచయితకు ఊహకందని పెద్ద సంఖ్య ఎదురవుతుంది.

పాత ద్వారాన్ని మూసేయలేదు. వెక్టర్‌కాల్ ఇచ్చే ప్రతి టైపూ టీపీ కాల్‌ను కూడా అదే అర్థంతో ఇవ్వాలన్నది నియమం. అందుకోసం టపుల్, డిక్షనరీలను విప్పి వెక్టర్‌కాల్‌కే అప్పగించే సిద్ధమైన సహాయక ఫంక్షన్ ఉంది. రెండు దారులూ చివరకు ఒకే బైండింగ్ కోడ్ దగ్గరకు చేరడం ఇక్కడ కీలకం. ఒక్కో దారికి ఒక్కో బైండింగ్ రాసి ఉంటే, ఏదో ఒక మూల కేసులో ఆ రెండూ వేర్వేరు జవాబులు ఇచ్చి ఉండేవి.

సి భాషలో రాసిన ఫంక్షన్లకు ఇదే సమస్య మరో రూపంలో ఎదురవుతుంది. విలువలేవీ తీసుకోనివి, సరిగ్గా ఒకటే తీసుకునేవి, వరుసగా తీసుకునేవి, కీవర్డ్‌లతో సహా తీసుకునేవి అంటూ మెథడ్ పట్టికలోని జెండాలు రవాణా రూపాన్ని ప్రకటిస్తాయి. లెన్ ఫంక్షన్ ఒకే విలువ రకానికి చెందుతుంది. దానికి వరుస కూడా అక్కర్లేదు, ఆ ఒక్క ఆబ్జెక్ట్ నేరుగా అందుతుంది. ఇలాంటి ఫంక్షన్లలో బైండింగ్‌ను చేతితో రాస్తే ప్రకటన, సహాయ వచనం, తనిఖీలు మూడు చోట్ల మూడు రకాలుగా తయారవుతాయి. ల్యారీ హేస్టింగ్స్ ప్రతిపాదించిన ఆర్గ్యుమెంట్ క్లినిక్, పెప్ 436 ద్వారా, పైథాన్ 3.4 నుంచి ఈ పనిని యంత్రానికి అప్పగించింది. ఫంక్షన్ ప్రకటనను ఒక వ్యాఖ్యలో రాస్తే, విలువలను విప్పే సి కోడ్‌ను ఆ ఉపకరణమే పుట్టిస్తుంది. దీని ప్రయోజనం తర్వాతి కాలంలో తేటతెల్లమైంది. వేగవంతమైన రవాణా రూపాలు వచ్చినప్పుడు, క్లినిక్ వాడిన ఫంక్షన్లను ఒక్కొక్కటిగా తిరగరాయనక్కర లేకుండా పుట్టించే కోడ్‌ను మారిస్తే సరిపోయింది.

3.11 వెర్షన్ ఇంకో అడుగు వేసి, వీలైన చోట బైండింగ్‌ను ప్రతిసారీ మళ్లీ చేయడాన్ని తప్పించింది. ఒక చోట పదేపదే అదే పైథాన్ ఫంక్షన్‌ను, సరిగ్గా పారామీటర్లెన్నో అన్నే స్థాన విలువలతో పిలుస్తుంటే, ఆ చోటి కాల్ సూచన తనను తాను ప్రత్యేక రూపంలోకి మార్చుకుంటుంది. ఫంక్షన్‌కు ఉన్న వెర్షన్ సంఖ్య తాను గుర్తుపెట్టుకున్నదే అయితే, విలువలను నేరుగా కొత్త ఫ్రేమ్ గళ్లలోకి చేర్చి పని మొదలుపెడుతుంది. ఎవరైనా నడుస్తుండగా ఆ ఫంక్షన్ డిఫాల్ట్‌లనో కోడ్‌నో మార్చితే ఆ వెర్షన్ సంఖ్య చెల్లకుండా పోతుంది, పిలుపు తిరిగి మామూలు దారికి వెళ్తుంది. ఇక్కడ జరిగినది బైండింగ్‌ను పక్కన పెట్టడం కాదు. ఒకసారి చేసిన బైండింగ్ ఫలితం ఎంతవరకు చెల్లుతుందో కచ్చితంగా తెలుసుకుని, అంతవరకే దాన్ని వాడుకోవడం.

సి ఫంక్షన్లను పైథాన్ నుంచి నేరుగా పిలిచే సీటైప్స్ లైబ్రరీ దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి తలకిందులవుతుంది. ఇక్కడ పిలవాల్సినది యంత్ర భాషలోకి మారిపోయిన సి ఫంక్షన్. దాని పారామీటర్ల వివరం ఆ బైనరీలో ఉండదు. కాలింగ్ కన్వెన్షన్ మాత్రం కఠినంగా ఉంటుంది. 64 బిట్ లినక్స్ మీద మొదటి ఆరు పూర్ణాంకాలు లేదా పాయింటర్లు ప్రాసెసర్‌లోని ఆరు నిర్దిష్ట రిజిస్టర్లలో, దశాంశ సంఖ్యలు వేరే ఎనిమిది రిజిస్టర్లలో వెళ్తాయి. 64 బిట్ విండోస్‌లో రెండు రకాలకూ కలిపి నాలుగే స్థానాలు. పైగా పిలిచేవారు స్టాక్ మీద 32 బైట్ల జాగా విడిచిపెట్టాలి. ఈ తేడాలను సీటైప్స్ వాడే లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ అన్న లైబ్రరీ చూసుకుంటుంది, కానీ విలువల టైపులు సరిగ్గా చెప్పినప్పుడే. ఏమీ చెప్పకపోతే సీటైప్స్ ఫలితాన్ని సి ఇంట్‌గా భావిస్తుంది. పాయింటర్ తిరిగిచ్చే ఫంక్షన్ విషయంలో 64 బిట్ల చిరునామాలో సగం తెగిపోతుంది. చిన్న చిరునామాల దగ్గర అది బయటపడకపోవచ్చు, మరో యంత్రం మీద ప్రోగ్రాం కూలిపోవచ్చు.

ప్రింట్‌ఎఫ్ లాంటి, విలువల సంఖ్య మారే ఫంక్షన్ల దగ్గర ఇది మరింత సూక్ష్మంగా ఉంటుంది. ఆపిల్ ఏఆర్‌ఎం64 యంత్రాల మీద ఆ మారే విలువలన్నీ స్టాక్ మీదే వెళ్లాలి, స్థిరమైన పారామీటర్లు రిజిస్టర్లలో వెళ్లాలి. స్థిరమైనవి ఎన్నో సీటైప్స్‌కు తెలియాలంటే పారామీటర్ల టైపులు చెప్పే ఆర్గ్‌టైప్స్ జాబితాలో వాటిని ముందే ప్రకటించాలి. ఇంటెల్ యంత్రం మీద ఏ ప్రకటనా లేకుండా పనిచేసిన కోడ్ ఇక్కడ చెత్త విలువలు చూపడం అందువల్లే. ప్రకటనలు రాయడం ఐచ్ఛికమని కొన్ని పాఠాలు చెబుతున్నా, సీటైప్స్‌తో పిలిచే ప్రతి ఫంక్షన్‌కూ ఆర్గ్‌టైప్స్, ఫలితం టైపు చెప్పే రెస్‌టైప్ రాయడం తప్పనిసరి నియమంగా పాటించడమే సరైన పద్ధతి.

పూర్తిగా పైథాన్‌లోనే రాసే లైబ్రరీల్లో బైండింగ్ అవసరం ఎక్కువగా డెకరేటర్లలో, అంటే ఒక ఫంక్షన్‌ను చుట్టి దానికి అదనపు పని చేర్చే ఫంక్షన్లలో, వస్తుంది. విలువలను తనిఖీ చేసేవి, ఫలితాలను దాచిపెట్టేవి, వెబ్ అభ్యర్థన నుంచి ఫంక్షన్‌కు విలువలు అందించేవి అన్నీ ఏ విలువ ఏ పారామీటర్‌దో తెలుసుకోవాలి. పెప్ 362 ద్వారా 3.3లో వచ్చిన, ఫంక్షన్ పారామీటర్ల వివరాన్ని మోసే సిగ్నేచర్ ఆబ్జెక్ట్, దాని బైండ్ మెథడ్ అచ్చంగా ఇంటర్‌ప్రెటర్ నియమాలనే పాటిస్తాయి. వాటిని వదిలి సొంత నియమాలు రాసుకోవడానికి కారణం కనిపించదు. ఫలితాలను దాచే డెకరేటర్‌లో ఇది తప్పనిసరి కూడా. బిల్లు(250, పన్ను=18), బిల్లు(250, 1, పన్ను=18, రాయితీ=0) అర్థంలో ఒకటే పిలుపు; బైండ్ చేసి, డిఫాల్ట్‌లను కూడా పూరించి చూస్తేనే ఆ సంగతి బయటపడుతుంది. అయితే బైండ్ పైథాన్‌లోనే రాసిన మెథడ్ కావడం వల్ల నిదానం. సిగ్నేచర్‌ను డెకరేటర్ వేసే క్షణంలో ఒక్కసారే తీసుకోవాలి, ప్రతి పిలుపులో కాదు. పైగా ఒక నక్షత్రం, రెండు నక్షత్రాలతో అన్నిటినీ తీసుకుని అలాగే పంపించే ప్రతి పొరా టపుల్, డిక్షనరీలను మళ్లీ కడుతుంది కాబట్టి, వెక్టర్‌కాల్ ఆదా చేసినది అక్కడ తిరిగి ఖర్చవుతుంది.

అన్నిటికంటే హానికరమైన అలవాటు మరొకటి ఉంది. ఫంక్షన్‌ను పిలిచి, టైప్ ఎర్రర్ వస్తే ఆర్గ్యుమెంట్లు సరిపోలేదని భావించి, ఇంకో రకంగా పిలిచి చూసే లైబ్రరీలు చాలానే ఉన్నాయి. కానీ ఫంక్షన్ లోపల, సంఖ్యకు స్ట్రింగ్‌ను కలపబోయినప్పుడు వచ్చే దోషం కూడా టైప్ ఎర్రరే. ఆ పద్ధతిలో అసలు లోపం మాయమై, ఫంక్షన్ సగం పని రెండుసార్లు చేసి, చివరకు ఆర్గ్యుమెంట్లు తప్పన్న అబద్ధపు సందేశం మిగులుతుంది. బైండ్‌ను విడిగా ముందు పిలిచి, దాని చుట్టూ మాత్రమే దోషాన్ని పట్టుకుని, తర్వాత అసలు ఫంక్షన్‌ను ఏ రక్షణా లేకుండా పిలవాలి. బైండ్ విఫలమైతే తప్పు పిలిచినవారిది. ఆ తర్వాత వచ్చే ప్రతి దోషమూ ఫంక్షన్‌దే; దాన్ని యథాతథంగా, పూర్తి ట్రేస్‌బ్యాక్‌తో పైకి వెళ్లనివ్వాలి.